మూడు చోట్ల విరిగిన ఈటె

శంఖసరస్సు మీద పొద్దు పొడిచే సొగసు చూడాలంటే రెండు కళ్లూ చాలవనేవారు మణికుంభ రాజ్యపు జనం. తూర్పు కొండల మీంచి కుంకుమ రాశులు దొర్లిపడ్డట్టు వెలుగు జారి, తామరాకుల మీద పాకి, ఒడ్డునున్న జాలరి గుడిసెల తాటాకు చూరులకు జరీ అంచులు కుట్టి పోయేది. బెగ్గురు పక్షులు బారులు తీరేవి. పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బయలుదేరేవి. ఊరంతా ఒకరినొకరు కేకలేసుకునేది. ఆ కేకల్లో ముత్యాలి పేరు మాత్రం ఏడాదిగా లేదు.

ఆమె ఇంట్లో ఎదురుచూపు దీపం వెలుగుతోంది మరి.

నీళ్ల మీదికి వెళ్లి తిరిగిరాని మనిషి కోసం ఆ జాలరుల ఇళ్లలో పెట్టే దీపమది. గాజు కూజాలో అడుగున తేనె పోస్తారు, వెళ్లినవాడి తిరుగుదారి తియ్యగా ఉండాలని. దాని మీద సరస్సు నీళ్లు, దారి మరిచిపోకూడదని. అన్నిటికీ పైన నువ్వుల నూనె, నూనె మీద తేలే జీలుగు బెండు, బెండుకు గుచ్చిన వత్తి. అది వెలిగినంతకాలం మనిషి ఉన్నట్టే లెక్క. ఆరిందంటే కర్మకాండకు కబురంపుకోవలసిందే. ఇంకో కట్టడి కూడా ఉంది. ఆ దీపమున్న ఇంటి గడప ఎవరూ తొక్కరు, ఆ ఇంటివాళ్లతో ఎవరూ పలకరు. నలుగురి మాటల గాలికి వత్తి కొండెక్కుతుందని భయం.

మంచికోసం పెట్టిన కట్టుబాటే, కాదనలేం. కానీ దాన్ని పెట్టిన పెద్దమనిషి ఒక్క వారమైనా అలా బతికి చూశాడో లేదో! పొద్దున్నే ఎవరో గడప మీద రెండు చేపలు పెట్టి, తలుపు గొలుసు ఆడించి పోయేవారు. ముత్యాలి తలుపు తీసేసరికి వీపులే కనిపించేవి. తన గొంతు ఇంకా ఉందో లేదో చూసుకుందామని ఒకనాడు పక్కింటి పిల్లిని పిలిచింది. పిల్లి కూడా కట్టడి తెలిసినదానిలా తోకెత్తుకుని పోయింది. ఆ రోజు ముత్యాలి మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చింది.

ఆ దీపం ఆమె అన్న భైరన్న కోసం. శంఖసరస్సు నాలుగు ఒడ్డులా అతన్ని మించిన ఈటెగాడు లేడు. నీళ్లలో చేప కనిపించేది ఒక చోట, ఉండేది ఒక చోట. కనిపించిన చోటికంటే జానెడు ఇవతలికి దించి వెయ్యాలని జాలరి పిల్లలు ఉగ్గుపాలతో నేర్చుకుంటారు. భైరన్నకయితే ఆ జానెడు చేతిలోనే పుట్టింది.

సరస్సుకు ఉత్తరాన నల్లరాతి కొండ కడుపులో వక్రాక్షుడనే మాంత్రికుడు చేరాడు. సరస్సులోకి వచ్చే ఊటను మంత్రంతో బిగించి ఊరూరా చాటింపు వేయించాడు. "నా కుండం అడుగున ప్రాణశంఖం ఉంది. మెట్టు మీద నిలబడి దాన్ని ఈటెతో కొట్టినవాడికి ఊటా వదిలేస్తాను, మీ రాజ్యమూ వదిలేస్తాను. గురి తప్పినవాడు శిలైపోతాడు, వాడి ఊపిరి నా శంఖంలో చేరుతుంది. ఏడాది తిరిగి రోహిణి కార్తె ముగిసిందా, ఆ ఊపిరి నా ఆయుష్షులో కలుస్తుంది. ఇంటికి ఒక్క ఈటే!"

చుట్టుపక్కల పల్లెల ఈటెగాళ్లు వెళ్లారు, శిలలయ్యారు. చివరికి భైరన్న వెళ్లాడు. పడవ నడిపింది ముత్యాలే. అన్న చెయ్యి ఎత్తడం, ఈటె దూకడం, తల నుంచి పాదం దాకా అన్న బూడిదరంగు రాయి కావడం ఆమె కళ్లారా చూసింది. కుండంలో ఏటవాలుగా నిలబడ్డ అన్న ఈటెనూ చూసింది. అది మూడు చోట్ల విరిగి ఉంది. మంత్రం ఈటెను విరగ్గొట్టిందనుకుంటూ గుండె చెదిరి ఇంటికొచ్చింది.

మళ్లీ రోహిణి కార్తె వచ్చింది. ఇవాళ్టితో సరి. రేపు మృగశిర. ముత్యాలి దీపం ముందు కూర్చుని, మసిబారిన వత్తిని ఎగదోద్దామని ఒక రెల్లుపుల్ల అందుకుంది. ఏ లోకంలో ఉందో ఏమో, పుల్ల వేళ్ల లోంచి జారి కూజాలో పడి, అడుగున తేనెలో గుచ్చుకుని ఏటవాలుగా నిలిచింది.

ముత్యాలి దాని మీదికి వంగింది. పుల్ల మూడు చోట్ల విరిగి ఉంది. నూనె పైన ఒకచోట, నూనె నీళ్లు తాకే గీత దగ్గర ఒకచోట, నీళ్లు తేనె తాకే చోట మరొకటి. బయటికి లాగింది. పుల్ల నిక్షేపంగా ఉంది! మళ్లీ ముంచింది. మళ్లీ మూడు ముక్కలు!

"అన్న ఈటె విరగలేదు!" అని పైకే అనేసింది. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

వట్టి నీళ్లలో ముంచిన ఈటె నీటిమట్టం దగ్గర ఒక్కచోటే విరిగినట్టు కనిపిస్తుంది. అది ఆ ఊళ్లో చంటిపిల్లలకీ తెలుసు. మూడు చోట్ల విరిగిందంటే కుండంలో ఉన్నది వట్టి నీళ్లు కాదు. నూనె, నీళ్లు, తేనె! ఆ మాయలమారి తమ ఎదురుచూపు దీపాన్నే దొంగిలించి తమ మీదికే ఉచ్చుగా పన్నాడు. అన్న నీళ్లకు దించే జానెడే దించాడు. చేప బతుకు నేర్పిన చెయ్యే అతన్ని ముంచింది. మరి ఎంత దించాలి?

తేల్చుకోవాలంటే కూజా కావాలి. గాజు కూజా ఆ ఇంట్లో అదొక్కటే. అందులో తేనె, నీళ్లు నెలల తరబడి నిలిచి కలిసిపోతున్నాయి. పైన మంట. దీపం ఆర్పి, అంతా తీసి, మళ్లీ పోస్తేగాని సంగతి తేలదు.

ముత్యాలి వత్తి దాకా చెయ్యి చాచి వెనక్కి తీసుకుంది. తన చేత్తో ఆర్పడమంటే అన్న లేడని తనే ఒప్పుకున్నట్టు. నోటితో ఊదడానికి మనసొప్పలేదు. "తప్పయితే నన్ను కొట్టు అన్నా" అని, రెండు వేళ్లతో వత్తి నొక్కింది. వేళ్లు కాలాయి. సన్నటి పొగ చూరుకు ఎగబాకి పోయింది.

తర్వాత ఆమె చేతులు ఆగలేదు. కూజా కడిగి, అడుగున ఒక గురివింద గింజ మైనంతో అతికించింది. దాని మీద తేనె పోసింది. గరిటె వీపు మీదుగా నీళ్లు జారవిడిచింది, తేనె బెదరకుండా. ఆ నీళ్లలో ముందే ఒక పాలచుక్క కలిపింది, వెలుగు దారి కనిపించడానికి. చివర నూనె. తాటాకు కప్పును చిల్లు పొడిస్తే ఎండ ఒక్క కిరణమై దిగింది. సాంబ్రాణి పొగ వేసింది. పొగలో కిరణం దారం లాగి పట్టుకున్నట్టు నిటారుగా వచ్చి, నూనెను తాకగానే లోపలికి మలుపు తిరిగింది. నీళ్లలో పడి కాస్త వెనక్కి వాలింది. తేనె దగ్గర మళ్లీ లోపలికి తిరిగింది. చీకటి గుడిసెలో ఒంటరిగా కూర్చున్న ఆ పిల్ల ముందు వెలుగు మెట్లు దిగి వెళ్లింది.

నూనె మట్టానికి ఇవతల నుంచి ఏటవాలుగా చూస్తూ, గింజ కనిపించిన చోటికి రెల్లుపుల్ల విసిరింది. అవతలికి పోయింది. జానెడు లెక్కన దించి విసిరింది. అప్పుడూ గింజను రాసుకుంటూ అవతలికే. అన్నకు జరిగిందీ ఇదే! ఇంకా దించింది, ఇంకాస్త దించింది. జానెడు దించేచోట మరో నాలుగు వేళ్లు దించినప్పుడు పుల్ల గింజను టక్కున తాకింది. మళ్లీ విసిరింది. మళ్లీ టక్కు. పుల్లలన్నీ అయిపోయేదాకా, కళ్లు మూసుకున్నా చెయ్యి తప్పనిదాకా విసిరింది. కంటికి అది అచ్చం తన కాలిమీదే పొడుచుకుంటున్నట్టుంది. చేతికి మాత్రం నిజం తెలిసిపోయింది.

అంతలో తలుపు భళ్లున తెరుచుకుంది. చూరు సందుల్లోంచి దీపపు వెలుగు ఆరిపోవడం ఎవరు చూశారో, ఊరి ఆడవాళ్లు శోకాలు పెడుతూ లోపలికొచ్చారు. అందరికంటే ముందు మేనత్త పోలమ్మ.

"దీపం కొండెక్కిందటే తల్లీ! నా భైరన్నో! నా మేనల్లుడో!" అంటూ ముత్యాలిని గుండెకు హత్తుకుంది.

ఏడాదిగా ఒక మనిషి చెయ్యి కోసం మొహం వాచిపోయిన పిల్ల. ఆ కౌగిలి వెచ్చగా ఉంది. అందులో అలాగే ఉండిపోవాలనిపించింది.

"అన్న చచ్చిపోలేదత్తా. దీపం నేనే ఆర్పాను. చూడు, ఈ కూజాలో..."

"మొదట్లో అలాగే అనిపిద్దమ్మా" అంది పోలమ్మ జాలిగా, ఆమె తల నిమురుతూ. "ఏడువు. ఏడిస్తే బరువు దిగుద్ది."

ఎంత చెప్పినా అదే మాట. ఇల్లు నిండా జనం, చెవినపెట్టే మనిషి ఒక్కరూ లేరు. తలుపు మూసుకున్న ఏడాదిలో కూడా ముత్యాలికి ఇంత ఒంటరితనం అనిపించలేదు. దీపపు బెండును నడుముకు ముడివేసుకుని, తాత నాటి ఈటె తీసుకుని, నీళ్లు తెస్తానని పెరటి దోవన జారుకుంది.

ఇంటికి ఒక్క ఈటే అన్నాడు కదా వక్రాక్షుడు! అందుకని అన్న పంచె బిగించి, తలపాగా చుట్టి, మేక వెంట్రుకలతో మీసం కట్టి తుమ్మజిగురుతో అతికించుకుంది. పడవ సరస్సు నడిమికి రాగానే కొండ కాపలా మొసలి తెడ్డును నోట కరిచింది. అది తెడ్డు వదలకపోవడంతో పడవ గిరగిరా తిరిగింది. ముత్యాలి పడవలోని ఎరచేపల బుట్ట ఎత్తి దాని మొహాన కుమ్మరించి, అది నోరు తెరిచిన క్షణంలో తెడ్డు లాక్కుని, తడిసి ముద్దై, నల్లరాతి ఒడ్డుకు పడవను గుద్దింది.

గుహ వాకిట తాటిచెట్టంత భూతం అడ్డొచ్చింది. "ఎవర్రా నువ్వు? మీసం ఒక పక్కే ఉందేం?"

ముత్యాలి తడుముకుంది. నిజమే, కుడి మీసం సరస్సు పాలయింది.

"మా దేశంలో పెళ్లి కానివాళ్లం ఒక పక్కే పెంచుతాం. రెండోది అత్తారు పెడతారు" అంది గొంతు లావు చేసి.

భూతం కాసేపు ఆలోచించి, ఆ ఆచారం సబబుగానే తోచిందేమో, పక్కకు తప్పుకుంది.

లోపల కుండం! పున్నమినాటి ఆకాశాన్ని కోసి నేలలో పొదిగినట్టుంది. చుట్టూ స్ఫటికపు గట్టు, గట్టుకు మరకతాల తాపడం. కొండ నెత్తిన ఉన్న బిలంలోంచి దిగిన ఎండ ఆ ద్రవంలో పడి పసిడి, వెండి, చంద్రకావి రంగుల పొరలై మెరుస్తోంది. అడుగున తెల్లగా, అరచేతిలో ఉన్నంత దగ్గరగా ప్రాణశంఖం. దాని అవతల గురి తప్పిన ఈటెల పొద. గట్టు చుట్టూ చెయ్యెత్తినవాళ్లు చెయ్యెత్తినట్టే శిలలు. ఆ వరసలో చివర భైరన్న. అతని రెప్పల మీద ఏడాది దుమ్ము పేరుకుంది. ముత్యాలి అటు చూడకుండా పళ్లు బిగబట్టింది.

"దేశాంతరివా? రా నాయనా, రా!" వక్రాక్షుడు నవ్వాడు. ఒక కన్ను మనిషి మీదా, ఒక కన్ను కుండం మీదా ఉన్న మొహం అది. "అదిగో శంఖం. చంటిపిల్లాడైనా కొట్టేస్తాడు. కానియ్!"

ముత్యాలి మెట్టెక్కింది. ఈటె ఎత్తింది. జానెడు దించింది. మాంత్రికుడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. మరో నాలుగు వేళ్లు దించింది. నవ్వు టక్కున ఆగిపోయింది.

"ఆగు!" అని అరిచి, మంత్రదండంతో కుండం గట్టును మోదాడు. ద్రవం ఉప్పొంగింది. శంఖం పది శంఖాలై, నూరు శంఖాలై, నాట్యమాడే వెలుగు ముక్కలయింది. చూసే కన్నుకు అక్కడ ఏమీ మిగల్లేదు. ముత్యాలి కళ్లు మూసుకుంది. గుడిసెలో చిల్లు లోంచి దిగిన కిరణం గుర్తుంది, గింజను తాకిన పుల్ల గుర్తుంది. చెయ్యి తనంతట తనే వదిలింది.

అడుగు నుంచి పెళ్లుమని చప్పుడు. శంఖానికి చిల్లు పడింది!

వక్రాక్షుడి జుట్టు ఉన్నపళాన నెరిసిపోయింది. "నా ఆయుష్షు! నా ఆయుష్షు!" అని గుండెలు బాదుకుంటూ, గుహ కంపించేలా మంత్రం అరిచి లోపలి గదిలోకి పరుగెత్తాడు. ఆ కంపానికి గది తలుపు అతని వెనకే బిగుసుకుపోయింది, నెత్తిన బిలానికి బండ దొర్లి పడింది. కటిక చీకటి. ఆ చీకట్లో ఒకరు దగ్గారు. ఇంకొకరు "అమ్మా" అన్నారు. శిలలన్నీ మనుషులవుతున్నాయి! అడుగుల చప్పుళ్లు, పేర్లు పెట్టి పిలుచుకోవడాలు, ఏడుపులు.

ముత్యాలి తడుముకుంటూ వరస చివరికి పరుగెత్తింది. అన్న చెయ్యి దొరికింది. అది ఇంకా రాయే.

"అన్నా! భైరన్నా!"

"భైరన్న చెల్లెలివా అమ్మా?" పక్కనే ఒక ముసలి గొంతు పలికింది. "నేను కొండపల్లె ఈరన్నని. ఆ శంఖంలో ఇదే చీకటి తల్లీ. అందులో మాకు కనపడేది ఒక్కటే, ఎవరింటి దీపం వాళ్లకి. చిల్లు పడగానే ఆ దీపాన్ని పట్టుకునే బయటికొచ్చాం. మీ అన్న దీపం ఈ పొద్దున ఆరిపోయింది. 'మా చెల్లి కూడా నన్నొదిలేసింది మావా' అన్నాడు. ఇక పలకలేదు. లోపల్లోపలికి పోయాడు."

ముత్యాలి అన్న రాతి చేతిని రెండు చేతులా పట్టుకుంది. తను ఆ వత్తి నొక్కిన క్షణాన అన్న అటువైపు నుంచి చూస్తున్నాడు! ఆమె వేళ్ల చివర కాలిన చోటు ఇప్పుడు భగ్గున మండింది.

లోపలి గదిలో దండం నేలకు కొట్టుకునే చప్పుడు మొదలయింది. భూతాలు కదులుతున్నాయి.

"ఇటు సొరంగముంది, గాలి తగులుతోంది! రా అమ్మా, వాడొచ్చేస్తాడు!" అని ఈరన్న చెయ్యి పట్టి లాగాడు.

"మీరెళ్లండి మావా. నా దీపం నేను వెలిగించుకోవాలి."

అడుగులన్నీ దూరమయ్యాయి. మళ్లీ ఆమె ఒక్కతే, పక్కన రాయైన అన్న. తలపాగా అంచు చించి వత్తి పేనింది. నడుముకున్న బెండుకు గుచ్చింది. కుండం పైన ఉన్నది నూనే కదా! వత్తి తడిపి, మొలలోని చెకుముకి కొట్టి వెలిగించి, బెండును నూనె మీద వదిలింది. అడుగున తేనె, నడుమ నీళ్లు, పైన నూనె, దాని మీద తేలే వెలుగు. ఇంట్లో కూజా ఎంత చిన్నదో, ఇది అంత పెద్ద ఎదురుచూపు దీపం.

కానీ వెలుగు శంఖం మీద పడలేదు. మూడు పొరల్లో మలుపులు తిరిగి ఎక్కడో ఈటెల మధ్య పడింది. లోపలున్నవాడికి ఇది కనిపించదు! ముత్యాలి గట్టు మీద బోర్లా పడుకుని, చేతిలో రెల్లుపుల్ల ఉన్నట్టే లెక్కగట్టుకుంటూ, చూపుడువేలితో బెండును ఇవతలికి నెట్టింది. ఇంకాస్త. మరో నాలుగు వేళ్లు. అడుగున వెలుగు మెల్లగా పాకి, పాకి, శంఖపు చిల్లులోకి దూరింది.

"ఇటు అన్నా. నేనే. ఇటు చూడు."

లోపలి గది తలుపు మీద భూతాల గుద్దులు. చిల్లు లోంచి ఒక్క బుడగ తల బయట పెట్టింది. తేనెలో దాని నడక చూస్తే ప్రాణం విసిగిపోతుంది. ఎక్కి ఎక్కి ఆగుతోంది. తలుపు చీలింది. బుడగ నీళ్లలోకి వచ్చి పరుగందుకుంది. తలుపు గడియ ఊడింది. బుడగ నూనెలోకి వచ్చి, వత్తి పక్కనే చిట్లింది. ఆ గాలికి దీపం ఆరిపోయింది.

చీకట్లో వక్రాక్షుడి దండం టక్కు టక్కున దగ్గరవుతోంది. ముత్యాలి లేవలేదు. లేచి తడిమితే ఇంకా రాయే తగులుతుందేమోనని భయం.

ఆమె భుజం మీద ఒక చెయ్యి పడింది. చల్లగా ఉంది. కానీ వణుకుతోంది, రాయి వణకదు.

"దీపం ఎందుకు ఆర్పావే ముత్యాలూ?" అన్నాడు భైరన్న.

"నీకోసమే అన్నా" అంటూ ఆమె చీకట్లోకి చెయ్యి చాచి, ఇందాక దీపపు వెలుగులో గుర్తుపట్టిన, నూనెలోంచి పైకి పొడుచుకొచ్చిన అన్న ఈటెను పట్టుకుని లాగింది. అది ఎక్కడా విరగకుండా, చేతి నిండా ఒక్కటిగా వచ్చింది. "ముందిది పట్టుకో. వాడు వచ్చేశాడు."